కూత ఉండగానే ఇచ్చిన బంతి

ఆ బంతిని మా పెద్దనాయన కొడుకు ఒక్కడే ఆళ్లగడ్డ మైదానం ఈ కొస నుంచి ఆ కొస దాకా మోసుకుపోయాడన్నది అబద్ధం. ఆయన మోసిన దూరం మా ఇంట్లో పొయ్యి దగ్గర నుంచి నీళ్ళ తొట్టి దగ్గరికి ఉంటుందేమో, అంతే. మిగతా దూరం ఎవరు మోశారో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. కాకపోతే మైకు ఎప్పుడూ ఆయన చేతిలోనే ఉంటుంది.

మొన్న నంద్యాలలో మా చర్చి వార్షికోత్సవం జరిగింది. వేదిక పక్కన ఒక అద్దాల పెట్టె పెట్టారు. అందులో ముదురు నీలం మఖమల్ టోపీ. అంచు చిమటలు కొట్టేసింది, కుచ్చు సగం రాలిపోయింది. ఆ పెద్దనాయన కొడుకే, మా అన్న, ఇప్పుడు సంఘ పెద్ద, రిటైరైన హెడ్మాస్టరు, మోకాళ్ళకు పట్టీలు కట్టుకుని తిరుగుతాడు. ఆయన లేచి యువజనులకు కథ చెప్పాడు. "మన దొర తన దేశం తరఫున ఎన్నో ఆటలు ఆడి, గెలిచి, పేరు మారుమోగిపోతున్న రోజుల్లో దేవుని పిలుపు విని, అన్నీ వదిలేసి మన నంద్యాలకు వచ్చాడు. పోతూ పోతూ ఈ టోపీ నా నెత్తిన పెట్టి పోయాడు" అన్నాడు. చప్పట్లు. నేను లేచాను. "అన్నా, ఎన్నో ఆటలు కాదు, ఒకటే" అన్నాను. "కూచోమ్మా, నీకు మధ్యాహ్నం టైమిస్తారులే" అన్నాడు. మధ్యాహ్నం బిర్యానీ పెట్టారు గానీ టైమివ్వలేదు. అందుకని రాస్తున్నాను.

అందరూ భోజనాలకు వెళ్ళాక ఆ పెట్టె మూత తెరిచాను. కలరా ఉండల వాసన. దాని అడుగున, చాలా సన్నగా, ఆముదం వాసన. ఆముదం అక్కడికి ఎలా వచ్చిందో ఆ హాల్లో తిన్నవాళ్ళలో ముగ్గురికో నలుగురికో తెలిసి ఉంటుంది. వాళ్ళు కూడా ఆ రోజు చప్పట్లే కొట్టారు.

దొర తాత మేము పుట్టడానికి చాలా ముందే వచ్చాడు. మిషన్ బడిలో లెక్కలు చెప్పాడు. మా నాయనకు కూడా ఆయనే చెప్పాడు. మా నాయన చదువయ్యాక ఆ బడిలోనే టీచరయ్యాడు. మిగతా దొరలు ఒకరి తర్వాత ఒకరు ఓడలెక్కి వెళ్ళిపోయినా, ఈయన పని మానుకున్నాక కూడా బడి వెనక రెండు గదుల ఇంట్లో ఉండిపోయాడు. పొడుగాటి మనిషి, వయసుకు వంగాడు. ఎడమ చెవి ఎండిన వడియంలా ముడుచుకుపోయి ఉండేది. చిన్నపిల్లలు దాన్ని ముట్టుకోవడానికి పోటీ పడేవాళ్ళు. ఏమైంది తాతా అంటే "ఆటలో నలిగింది" అనేవాడు, మనం పెన్సిలు ముక్క పోయిందన్నట్టు.

ఆయనకు కోపం రావాలంటే ఒక్కటే దారి. ఇంగ్లీషు దొర అనాలి.

"నేను ఇంగ్లీషోణ్ణి కాదు. మాది స్కాట్లాండు. వాళ్ళు వేరే, మేం వేరే."

"మాకేం తేడా కనపళ్ళేదు లేప్పా" అనేది మా జేజి, అంటే నాయనమ్మ.

"కర్నూలోళ్ళూ కడపోళ్ళూ ఒకటేనా అవ్వా?"

జేజి ఆ మాటకు నిజంగానే ఆలోచించింది. "యాడైనా ఒకటౌతారా" అంది చివరికి. ఆ తర్వాత ఆయన్ను ఇంగ్లీషు దొర అన్నవాళ్ళను జేజే తిట్టేది.

పొద్దున్నే మా ఇంటికి వచ్చి వసారాలో కూర్చుని జొన్న అంబలి తాగేవాడు. మా అమ్మ బెల్లం వేయబోతే గ్లాసుకు చెయ్యి అడ్డం పెట్టేవాడు. ఉప్పే వేయాలి. వాళ్ళమ్మ కూడా అలాగే ఉప్పేసి ఇచ్చేదట, ఏదో వాళ్ళ గింజలతో. "ఆ గింజలు ఇంగ్లీషోళ్ళు గుర్రాలకు పెడతారు అవ్వా, మేం తింటాం" అన్నాడొకసారి. "నయమే. ఈడ గింజలు మేం తింటాం, సొప్ప ఎద్దులకు ఏస్తాం" అంది జేజి.

టోపీని నేను మొదట చూసింది ఆ వసారాలోనే. బిస్కెట్ల రేకు డబ్బాలో కలరా ఉండల మధ్య పెట్టి తెచ్చాడు. ముందు వైపు వెండి జరీతో ఒక ముళ్ళ పువ్వు కుట్టి ఉంది. జేజి కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూసింది.

"ఇది బ్రమ్మదండి గదప్పా! మా చేన్లల్లో పీకి గట్టు మీదేసేది. మీ రాజు దీన్ని నెత్తిన పెట్టుకుంటాడా?"

"మా దేశానికంతా అదే గుర్తు అవ్వా."

"అయితే మీవీ బీడు భూములే అన్న మాట." ఆమెకు దాంతో ఆ దేశం మీద ఎంతో దగ్గరితనం కలిగింది. "ఆటాడితే దుడ్లు బాగా ఇచ్చేవాళ్ళా?"

"ఏమీ ఇయ్యరు. రైలు చార్జీ మనదే, బనీను మనదే, కాలు ఇరిగితే కట్టు గూడ మనదే. ఎవుడన్నా దుడ్లు తీసుకున్నాడంటే వాణ్ణి మళ్ళా ఆడనియ్యరు. ఆడినందుకు గుర్తుగా ఈ టోపీ."

జేజి టోపీ వంక చూసింది, ఆయన చెవి వంక చూసింది. "చెవి నలిపి, గసబోసేట్టు ఉరికిచ్చి, కడాకు నీకు టోపీ పెట్టినారు గద నాయనా" అంది.

మా నాయనకు కాఫీ ముక్కులోకి ఎక్కింది. అందరికంటే ఎక్కువ నవ్వింది దొర తాతే. ఆయన తెలుగు మా ఊరి తెలుగే మరి.

ఆయన తన ఊరి నుంచి తెచ్చుకున్న బంతి ఎప్పుడో చివికిపోయింది. ఆ రోజుల్లో మా వైపు బావులకు కరెంటు మోటార్లు వస్తున్నాయి. ఎద్దులను కట్టి నీళ్ళు తోడే కపిలలు ఒక్కొక్కటే ఆగిపోతున్నాయి. కపిలకు పెద్ద తోలు సంచి ఉండేది, దాన్ని మెత్తగా ఉంచడానికి ఆముదం పట్టించేవాళ్ళు. అలాంటి పాత సంచి ఒకటి కోసి, లోపల సైకిలు ట్యూబు అతికించిన తిత్తి పెట్టి, మా వీధి చివర చెప్పులు కుట్టే ఆయన దొర తాతకు ఒక బంతి చేసిచ్చాడు. అది కోడిగుడ్డులా రావాలని దొర తాత కాగితం మీద గీసిచ్చాడట. అది బనగానపల్లె మామిడికాయలా వచ్చింది, ఒక పక్క లావు, ఒక పక్క సన్నం. కింద పడితే ఎటు ఎగురుతుందో ఆ దేవుడికే తెలియాలి. దానికి మేం ఆ మామిడి పేరే, బేనిషా అని పెట్టుకున్నాం. ముట్టుకున్నవాళ్ళ చేతులు, బట్టలు, అన్నం అన్నీ ఆముదం వాసన.

ఆట ఆయన చెప్పింది ఇదీ. బంతి చంకలో పెట్టుకుని ఉరకాలి. అవతలివాళ్ళ గీత దాటి నేలకు తాకించాలి. వాళ్ళు నిన్ను పట్టి పడేస్తారు. పడితే బంతి వదిలెయ్యాలి. పడకముందు మనవాడికి ఇవ్వొచ్చు, కానీ వెనక ఉన్నవాడికే ఇవ్వాలి.

"ముందుకు పోవాలంటే ఎనక్కు ఇయ్యాల్నా? ఇదేం ఆట తాతా?" అన్నాను నేను. గోడ మీద కూర్చుని చూస్తున్నాను, నన్నెవరూ అడగలేదు.

"ఆటంతా అదే పాపా" అన్నాడు.

మొదటి రోజు బంతి మా అన్న చేతికి వచ్చింది. అప్పుడు తొమ్మిదో తరగతి, మీసం మొలుస్తోంది, దాన్ని రోజుకు పదిసార్లు తడుముకునేవాడు. బంతి పట్టుకుని అవతలివాళ్ళ వైపు దూకుతూనే "చెడుగుడు చెడుగుడు చెడుగుడు" అని కూత ఎత్తుకున్నాడు. అవతలి పిల్లోళ్ళు కూడా చేతులు చాచి, వంగి, సరిగ్గా చెడుగుడుకు నిలబడ్డట్టే నిలబడ్డారు. అందర్నీ తప్పించుకుని గీత దాకా పోయాడు. గీత ముందర టక్కున ఆగి, బంతి కింద పెట్టి, తల వంచుకుని పక్కకు పోయి కూర్చున్నాడు.

దొర తాత ఈలను నోట్లోంచి తీశాడు. "ఏందప్పా? ఎవురూ పట్టుకోకముందే కిందెందుకు పెట్టినావు?"

"కూత పోయింది తాతా."

"ఈ ఆటలో కూత ల్యా!"

"కూత లేకుండా పరాయోళ్ళ పక్కకు ఎట్ల పోతాం తాతా? దొంగల మాదిరా?"

ఆయన ఎంత చెప్పినా కూత మాన్పించే పని జరగలేదు. కూత లేకుండా ఉరకమంటే కాళ్ళు కదిలేవి కావు. నోరు మూసుకుని ఉరికినవాణ్ణి సొంత జట్టువాళ్ళే "దొంగనాయాలా" అనేవాళ్ళు. ఊపిరి తెగితే బంతి ఉన్నవాడు తనంతట తానే కింద పెట్టేసేవాడు. ఎవరూ చూడకపోయినా పెట్టేసేవాడు. దొర తాత ఒక నెల అరిచాడు, తర్వాత ఒక రోజు గోడ మీద నా పక్కన వచ్చి కూర్చుని చాలాసేపు చూశాడు. కూత తెగబోతోందని తెలిసినవాడు వెనకవాణ్ణి వెతుక్కుంటున్నాడు. ఇస్తున్నాడు. వాడు కొత్త ఊపిరితో అందుకుంటున్నాడు.

"ఈళ్ళు తప్పు ఆడుతాండారు" అన్నాడు. ఈల జేబులో పెట్టుకుని, "తప్పు బాగుండాది" అన్నాడు.

ఊళ్ళో దాని పేరు దొర చెడుగుడు అయిపోయింది.

ఇప్పుడు రెండో అబద్ధం సంగతి. దేవుని పిలుపు విని ఆట వదిలేశాడన్నది. ఆయన నోటితోనే విన్నాను నేను. ఒక సాయంత్రం కెనాలు గట్టు మీద కూర్చున్నాం. ఆయన జేబులో ఎప్పుడూ వేయించిన బుడ్డలుండేవి. వేరుశనక్కాయలను మా దగ్గర బుడ్డలంటారు. పొట్టు ఊదుకుంటూ తింటున్నాం.

"ఎన్ని ఆటలాడినావు తాతా, మీ దేశానికి?"

"ఒకటి."

"ఒకటే?"

"ఆ రోజు వాన. నేలంతా మన నల్లరేగడి మాదిరి బురద. బంతి నాకొచ్చింది. ఉరికినా. గీత దగ్గర్లో ఉంది. ముందర ఇద్దరుండారు. ఎడం పక్క కొంచెం ఎనక నా దోస్తు, వాని ముందర ఎవురూ ల్యా. ఇయ్యి ఇయ్యి అని అరుస్తాండాడు."

"ఇచ్చినావా?"

"ల్యా. నేనే దాటాలనుకున్న."

"దాటినావా?"

ఆయన పొట్టు ఊదాడు. "ఓడిపోయినాం. మళ్ళా నన్ను పిలవలేదు."

"నీ దోస్తు తిట్టినాడా?"

"ఏమీ అనలేదు. తిట్టింటే బాగుండు."

"అందుకేనా ఈడికొచ్చేసినావు?"

ఆయన గట్టిగా నవ్వాడు. "కాదు. ఈడికొచ్చింది వేరే సంగతి, అది వేరే సంగతి. రెండూ కలిపి చెప్పొద్దు." నేను ఇన్నేళ్ళుగా ఆ మాట మీద నిలబడి ఉన్నాను. కలిపి చెప్పేవాళ్ళకే మైకిస్తారు. లేవబోతూ ఆయనింకో మాట అన్నాడు. "మా ఆటలో మీ కూత ఉండింటే నాకు ఊపిరి తెగిపోయుండు, బంతి ఇచ్చేసుందును. ఇంకో ఆట ఆడుందును."

ఆ ఏడు జొన్న కోతలయ్యాక ఆయన వెళ్ళిపోతున్నాడని తెలిసింది. చూపు మందగించింది. వాళ్ళ చెల్లెలు ఒంటరిగా ఉంది, రమ్మంటోందట. ఈస్టరు చూసుకుని పోతానన్నాడు. పోయేలోగా ఒక ఆట చూడాలన్నాడు, ఇంట్లో ఆట కాదు, పరాయి ఊరితో. మా బడిలో చదివి ఆళ్లగడ్డలో హాస్టలు వార్డెనుగా ఉన్న ఒకాయన ఈ ఆటను అక్కడికి పట్టుకుపోయాడు. కూతతో సహా పట్టుకుపోయాడు, ఎందుకంటే ఆయన నేర్చుకున్నదే అది. ఆళ్లగడ్డలో రాళ్ళు చెక్కే కుటుంబాల పిల్లోళ్ళు, చేతులు సమ్మెటల్లా ఉంటాయని పేరు.

"బాగా ఆడినోళ్ళకు ఈ టోపీ ఇచ్చి పోతా" అన్నాడు దొర తాత.

ఆ టోపీ నాకు కావాలి. ఎందుకని అడగొద్దు. మా అన్నకు సైకిలుంది, వాచీ కొనిస్తామన్నారు, అన్నంలోనూ వాడికే పెద్ద గరిటె. నాకూ ఒకటి కావాలి, అది వాడికి లేనిదై ఉండాలి.

జట్టును ఏరడానికి దొర తాత ఒక పద్ధతి పెట్టాడు. చర్చి ఆవరణలో బావి దగ్గర కూత ఎత్తుకుని గేటు వైపు ఉరకాలి. ఎవరి కూత ఎంత దూరం పోతుందో చూస్తాడు. మగపిల్లోళ్ళలో చాలామంది గేటు దగ్గర తెగిపోయారు. మా అన్న గేటు దాటాడు. అందరూ అయిపోయాక నేను గోడ దూకి, బావి దగ్గర ఎత్తుకుని, గేటు దాటి, రోడ్డెక్కి, సోడా అంగడి దాకా పోయాను. సోడా అంగడాయన "ఏమైంది పాపా, ఎవురన్నా పోయినారా?" అని బయటికి వచ్చాడు. వెనకే నడిచి వచ్చిన దొర తాత నా పేరు జట్టులో రాసుకున్నాడు.

"దేవుడు దానికి ఆ నోరు ఊరికే ఇయ్యలేదు" అన్నాడు మా నాయన ఇంట్లో.

"నోరుంటే? మగపిల్లోళ్ళల్లో పడి దొర్లుతాదా? రేపు నలుగురూ ఏమంటారు?" మా అమ్మ రొట్టె తడుతూ అంది. జొన్న రొట్టె దెబ్బల చప్పుడు ఆ పూట మామూలుకంటే గట్టిగా వినిపించింది.

"నలుగురూ ఇప్పుడు మాత్రం ఏమీ అనకుండా ఉండారా?" అన్నాను నేను.

"సూడండి, సూడండి, ఎట్ల ఎదురు మాట్లాడుతాందో!"

తీర్పు జేజిది. ఆమె వక్కాకు నములుతూ నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఈ ఒక్కపారికి పోనీయండి. వచ్చే ఏటికి ఓణీ ఏస్తాం. అప్పుడు అదడిగినా మనం పంపం." నన్ను చూసి, "ఒకటే, తెలిసిందా మే? రెండోది ల్యా" అంది.

దొర తాతకూ ఒకటే. నాకూ ఒకటే. అప్పుడు ఆ సంగతి తట్టలేదు నాకు.

ఆళ్లగడ్డ బస్సులో వెనక సీట్లన్నీ మావే. శిరివెళ్ల దాటాక మా అన్న సంచిలోంచి ఆముదం సీసా తీశాడు. బంతికి బాగా పట్టిస్తే ఆళ్లగడ్డోళ్ళ చేతుల్లో నిలవదన్నది వాడి తెలివి. ముందు సీట్లో దొర తాత కునుకుతున్నాడు. వంతులేసుకుని పట్టించాం. మరి బంతి మా చేతుల్లో ఎలా నిలుస్తుందన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు, నాకు కూడా. దొర తాత బిస్కెట్ల డబ్బా నా పక్క సీట్లో ఉంది. నా జిడ్డు చేతులతోనే దాని మూత తీసి, టోపీని ఒకసారి తల మీద పెట్టుకుని, తీసి మళ్ళీ పెట్టేశాను. అద్దాల పెట్టెలో మొన్న నాకు వచ్చిన వాసన అదీ.

బస్టాండులో ఉగ్గాని, మిరపకాయ బజ్జి తిన్నాం. "కడుపు నిండా తినొద్దు, కూత రాదు" అన్నాడు దొర తాత. తనే మా రూలు మాకు చెబుతున్నాడని ఆయనకు తోచలేదు.

మైదానం రాతి షెడ్ల పక్కన బీడు. సగం చెక్కిన దేవుళ్ళు వరసగా గోడకు ఆని నిలబడి చూస్తున్నారు, కొందరికి ఇంకా కళ్ళు రాలేదు. గీత సున్నంతో కాదు, రాతిపొడితో గీశారు. ఉలి చప్పుళ్ళు ఆ పూటకు ఆపేసి పెద్దవాళ్ళంతా గట్టు మీద కూర్చున్నారు. నన్ను చూడగానే వాళ్ళలో పెద్దాయన, తెల్ల పంచె, మోచేతుల దాకా రాతిదుమ్ము, దొర తాత దగ్గరికి వచ్చాడు.

"ఆ పాప గూడ ఆడుతాదా సామీ?"

"ఆడుతాది."

"మా పిల్లోళ్ళు ఆడపిల్లను పట్టుకోరు సామీ. మా ఇండ్లల్లో ఒప్పరు."

దొర తాత తల గోక్కున్నాడు. "అయితే భుజం తాకండి. తాకితే పట్టినట్టే లెక్క."

"నాకొద్దు" అన్నాను. "అందర్నీ ఎట్ల పడేస్తారో నన్నూ అట్లే పడెయ్యాల."

గట్టు మీద నవ్వులు. "అబ్బో, నంద్యాలోళ్ళ పిల్ల!" అన్నారెవరో. పెద్దాయన కొడుకు వాళ్ళ జట్టుకు పెద్ద. నిలువెత్తు పిల్లోడు. వాడు మాత్రం నవ్వలేదు. చేతులు వెనక్కి కట్టుకుని "నేను పట్టను" అన్నాడు.

మొదటి సగం మా ఆముదం మమ్మల్నే ముంచింది. బంతి మా చేతుల్లోంచి సబ్బులా జారింది. ఆళ్లగడ్డోళ్ళ చేతులకు రాతిదుమ్ము అంటి ఉంటుందని మాకెవరికి తెలుసు? వాళ్ళకది బంకలా పట్టుకుంది. రెండుసార్లు గీత దాటారు. దొర తాత బంతి వాసన చూసి, మా అన్న వంక చూసి, బంతిని మట్టిలో దొర్లించి దొర్లించి తుడిచాడు.

ఆ తర్వాత మేము పుంజుకున్నాం. మా అన్న ఒకసారి, ఇంకొకడు ఒకసారి దాటారు. సమానం. నా చేతికి బంతి వచ్చినప్పుడల్లా ఎవడో వచ్చి దేవుడి పటాన్ని ముట్టినట్టు భుజం ముట్టి పోతున్నాడు. నాకు ఏడుపొచ్చింది. అప్పుడు ఒక పొట్టి పిల్లోడు, వాడికి ఏం కోపమొచ్చిందో, వెనక నుంచి దూకి నా రెండు కాళ్ళూ పట్టేశాడు. రాతిపొడిలో ముఖం గుద్దుకుని పడ్డాను. నోట్లో ఉప్పగా రక్తం, గరగరా పొడి. గట్టు మీద అందరూ లేచారు. ఆ పిల్లోడి నాయన పరుగెత్తుకొచ్చి వాడి వీపు మీద ఒక్కటి వేశాడు.

"వాణ్ణెందుకు కొడతాండావు?" నేను లేచి అరిచాను. "ఈడ సరిగ్గా ఆడినోడు వాడొక్కడే! భుజాలు ముట్టినోళ్ళను కొట్టుపో!"

ఆయన చెయ్యి పైన అలాగే ఆగిపోయింది. దొర తాత కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు. దుమ్ముకో, మరెందుకో.

అప్పటి నుంచి అందరూ నన్ను పడెయ్యడం మొదలుపెట్టారు, ఒక్క పెద్దాయన కొడుకు తప్ప.

పొద్దు షెడ్ల మీదికి దిగింది. ఇంకో ఆట లేదు, ఇదే ఆఖరన్నాడు దొర తాత. బంతి మైదానం మధ్యలో నాకు దొరికింది. కూత ఎత్తుకున్నాను. ఒకణ్ణి తప్పించాను, ఇంకొకడి చెయ్యి నా జడ కొస తాకి జారిపోయింది. ఎదురుగా గీత, తెల్లగా. గీతకు ముందర పెద్దాయన కొడుకు ఒక్కడే, చేతులు వెనక్కి కట్టుకుని. ఎడమ పక్క కొంచెం వెనక మా అన్న. వాడి ముందర ఎవరూ లేరు. నా కూత నిండుగా ఉంది. సోడా అంగడి దాకా పోయే కూత అది.

"ఇయ్యి! ఇయ్యి పాపా, ఇయ్యి!"

మా అన్న కాదు అరిచింది. దొర తాత. ఈల కింద పడేసి, గీత పక్కనే మాతో పాటు ఉరుకుతూ, ఆ వంగిన మనిషి, చేతులు రెండూ చాచి.

ఇచ్చాను.

మా అన్న అందుకుని నాలుగు అంగలేసి గీత అవతల నేలకు తాకించాడు. మైదానమంతా వాడి మీద పడింది. నేను ఆగలేదు. ఖాళీ చేతులతో, అదే కూతతో, గీత దాటి, చెక్కని రాళ్ళు దాటి, షెడ్ల చివర దాకా పోయాను. చెడుగుడు చెడుగుడు చెడుగుడు. ఎవరైనా చూస్తారని. ఎవరూ చూడలేదు, పెద్దాయన కొడుకు తప్ప. వాడు నా వెనకే నడిచి వచ్చాడు.

"నీకింకా కూతుండాది గదా. ఎందుకిచ్చినావు?"

ఆ మాట అడిగింది ఈ లోకంలో వాడొక్కడే.

"నువ్వు నన్ను పట్టేవాడివా?" అన్నాను.

వాడు తన చేతులకేసి చూసుకున్నాడు. "ఏమో" అన్నాడు.

ఆ సాయంత్రం ఆళ్లగడ్డోళ్ళు మాకు రొట్టెలు, గుత్తి వంకాయ, బెల్లం పానకం పెట్టారు. నా పెదవి చిట్లింది కదా, వంకాయ కారం భగ్గుమంది. అందరూ మా అన్న కథ చెప్పుకుంటున్నారు. పానకం గ్లాసులు తిరిగేసరికే అందులో నేను లేను. వాడు బంతి మోసింది మైదానం మధ్యలో నుంచి అని మొదలైంది, బస్సెక్కేసరికి ఆ కొస నుంచి అయింది.

ఈస్టరయ్యాక నంద్యాల స్టేషన్లో ఊరంతా చేరింది. జేజి జొన్న పిండి మూట కట్టిచ్చింది, వాళ్ళ చెల్లెలికి అంబలి కాచిపెట్టమని, బెల్లం వేయొద్దని. దొర తాత రేకు డబ్బా తెరిచి టోపీ తీసి మా అన్న తల మీద పెట్టాడు. చప్పట్లు. ఆ తర్వాత నా దగ్గరికి వచ్చి ఉత్త చెయ్యి నా తల మీద పెట్టాడు.

"బాగా ఇచ్చినావు పాపా" అన్నాడు.

అప్పుడు అడగాల్సింది. ప్లాట్‌ఫారం నిండా జనం, నా నోరు ఎంతటిదో ఆ జనానికంతా తెలుసు. ఆ ఒక్కసారి నా నోరు పెగల్లేదు. రైలు కదిలింది. కొన్నేళ్ళకు ఆయన పోయాడని ఒక ఆదివారం ఆరాధనలో చెప్పారు. నిలబడి ప్రార్థన చేశాం. నాకప్పటికి ఓణీ వేసి చాలా రోజులైంది.

ఆయన ఎందుకరిచాడో మా నాయన చెప్పిన జవాబొకటుంది. నా ఊపిరి అయిపోయిందని దొర తాత అనుకుని ఉంటాడట. ఒప్పుకోను. సోడా అంగడి దాకా వెనకే నడిచి వచ్చి చూసింది ఆయనే. జేజి చెప్పింది వేరు. ఆ పిల్లోడు నిన్ను ముట్టడు, పక్కకు తప్పుకుంటాడు, అడ్డం లేని గీత దాటడం దాటడమా, ఆ పెద్దమనిషి అట్లాంటి గెలుపు వద్దనుకున్నాడు అంది. అది కొంచెం నయం. కానీ ఆ పిల్లోడే "ఏమో" అన్నాడే! వాడికే తెలియనిది గీత పక్కన ఉరుకుతున్న ముసలాయనకు ఎలా తెలుసు? ఇక కాలేజీలో చదువుకుంటున్నప్పుడు నాకు నేను చెప్పుకున్నది మూడోది. ఆయన చూసింది నన్ను కాదు, వానలో బురదలో బంతి గట్టిగా పట్టుకుని ఉరుకుతున్న ఒక స్కాట్లాండు పిల్లోణ్ణి. ఆ పిల్లోడు ఆ రోజు ఇవ్వని బంతిని నా చేత ఇప్పించాడు. ఇది వినడానికి బాగుంటుంది. బాగుంది కదా అని నమ్మెయ్యడం మా అన్న అలవాటు, నాది కాదు. పైగా అదే నిజమైతే నాకు ఇంకా ఎక్కువ కోపం. ఆయన ఆట ఆయనది. నా ఆట నాది. రెండూ కలపొద్దని కెనాలు గట్టు మీద చెప్పింది ఎవరు?

మొన్న పెట్టె మూత వేసి తిరిగేసరికి మా అన్న వెనకే నిలబడి ఉన్నాడు, చేతిలో ఐస్‌క్రీం కప్పు, నాకోసం. "ఇంకా అదేనా మే నీకు?" అన్నాడు. "టోపీ కావాల్నంటే తీసుకో పో."

"టోపీ ఎవురిక్కావాలన్నా" అన్నాను. నిజంగానే. ఎప్పుడో పోయింది దాని మీద ఆశ. ఐస్‌క్రీం తీసుకున్నాను. "నా కూత ఇంకా ఉండిందా లేదా, అది చెప్పు."

ఆయన పట్టీలు కట్టిన మోకాలు సర్దుకుంటూ చుట్టూ చూశాడు, ఎవరూ లేరు. "ఉండింది" అన్నాడు.

మైకులో చెప్పడు, నాకు తెలుసు. పోనీ, ఒకరైనా ఒప్పుకున్నారు. ఇక మిగిలింది ఒక్కటే, అది అడగాల్సినవాడు లేడు.

నా కూత ఉండగానే, గీత నా కాళ్ళ ముందర ఉండగానే, నన్నెందుకు ఇమ్మన్నావు తాతా?